గోల్డెన్ సిరప్, అరిసెల పాకం

నేను న్యూకాసిల్‌కు వచ్చింది 1978లో. మొదటి సంక్రాంతికి అరిసెలు చేద్దామంటే, బెల్లం అమ్మే కొట్టేదీ నాకు తెలియదు. పక్కింటి పెద్దావిడ గోల్డెన్ సిరప్ డబ్బా ఇచ్చి, ఇదీ చెరకు పాకమేనంది. తడి బియ్యప్పిండిలో కలిపి అరిసెలు తట్టి వేస్తే, నూనెలో విడిపోయాయి. మావారు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

కారణం తరువాత తెలిసింది. చెరకు రసం కాచి వండిన మన అనకాపల్లి బెల్లాన్ని పాకం పడితే, నీళ్లలో వేసిన చుక్క ఉండకడుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. గోల్డెన్ సిరప్ 1883లో లండన్‌లోని ఏబ్రం లైల్ చక్కెర కర్మాగారంలో పుట్టింది. చక్కెరను శుద్ధి చేయగా మిగిలిన పాకమే దానికి మూలం. అందులో చక్కెర కొంత గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి ఉంటుంది. అందుకే గడ్డకట్టదు. కేకులకు మేలు, అరిసెలకు చేటు!

చెరకు తీపితో మా ఊరికి మరో సంబంధం కూడా ఉంది. ఇక్కడి సమ్మర్‌హిల్ గ్రోవ్‌లో ఉండిన ఆనా రిచర్డ్‌సన్, ఆమె ఆడపడుచు ఎలెన్ 1846లో విరాళాలు పోగుచేసి, 150 పౌండ్లతో ఫ్రెడరిక్ డగ్లస్‌కు బానిసత్వం నుంచి విముక్తి కొన్నారు. బానిసలు పండించిన చక్కెర, పత్తి కొనవద్దని ఆనా ఊరి ఆడవాళ్లను కూడగట్టింది. వంటింటి నుంచే నడిచిన ఉద్యమమది.

అంతకుముందే, 1834లో, బ్రిటిషు వలసల్లో బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. ఆ పనికి కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన మనవాళ్లకు అక్కడ ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరిన కూలీలలోనూ తెలుగువారున్నారు. మనకంటే ముందు సముద్రం దాటిన తెలుగువారిలో ఎందరో చెరకు నరకడానికే వెళ్లారన్నమాట.

ఇప్పుడు ఇక్కడ బెల్లానికి కొదవలేదు. మేపుల్ సిరప్, అగావే సిరప్ కూడా దొరుకుతున్నాయి. మా మనవరాలు ప్రతి సీసా తిప్పి చూసి, "ఇది సహజమైనదేనా, అమ్మమ్మా?" అని అడుగుతుంది. చెట్టు నుంచి వచ్చినా తీపి తీపే, మితంగా వాడమంటాను. దాన్ని ఎవరి చేతులు పండించాయో కూడా అడగమంటాను. ఈ ఊరి ఆడవాళ్లు 1846లోనే అడిగిన ప్రశ్న అది. కోరంగి పిల్లలమైన మనం మరచిపోతే ఎలా?