పడకకు రోజుకు ఎంత?

మదనపల్లె వాళ్లకు ఆరోగ్యవరం గురించి కొత్తగా చెప్పేదేముంది! 1915లో పలు క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అంతే. రోగి నెలల తరబడి పడక మీద ఉండవలసిందే. తర్వాత స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాయి. ఇంటిపట్టున ఉండి మందు మింగినా రోగం కుదురుతుందని 1950లలో మద్రాసులో జరిగిన పరిశోధన తేల్చింది. ఇక శానిటోరియం పడకలతో పనేముంది? ఆరోగ్యవరం సామాన్య వైద్యానికి మళ్లి నిలబడింది.

దానికి మారడానికి ఏళ్లు దొరికాయి. 2020లో మన ఊళ్ల నర్సింగ్ హోములకు వారాలు కూడా దొరకలేదు.

చిన్న నర్సింగ్ హోము బతికేదెలాగో మనకు తెలిసిందే. కాన్పులు, జ్వరాలు, హెర్నియా ఆపరేషన్లు. ఏ రోజు డబ్బు ఆ రోజే. మార్చి నెలాఖరున లాక్‌డౌన్ రాగానే ఆ రాబడి పడిపోయింది. ప్లేగు కాలంనాటి 1897 చట్టాన్ని పట్టుకుని ప్రభుత్వం కొత్త నిబంధనలు పెట్టింది. జ్వరంతో వచ్చినవాణ్ణి చేర్చుకోవాలంటే విడి గది, విడి సిబ్బంది కావాలి. పది పడకల ఇంట్లో అవెక్కడినుంచి వస్తాయి?

ఆ తర్వాత ధరల సంగతి. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీలోకి 2020లో కరోనా చికిత్స కూడా చేరింది. ఆ జులైలో ప్రభుత్వం రేట్లు కట్టింది: మామూలు రోగికి రోజుకు 3,250 రూపాయలు, వెంటిలేటరు పెడితే 9,580. 2021 మేలో, ఆక్సిజన్ కరువు ముదిరినప్పుడు, వాటిని పెంచింది. గుర్తింపు పత్రమున్న పెద్ద ఆస్పత్రికి వెంటిలేటరు పడక 16,000, అది లేనివాటికి 14,400. పథకంలో ఉన్న ఆస్పత్రులు సగం పడకలు కార్డుదారులకే ఇవ్వాలన్నది కూడా అప్పటి ఆజ్ఞే.

కాగితం మీద న్యాయమే. మెకానిక్కో, తోపుడుబండి మనిషో రోజుకు పదివేలు ఎక్కడ తెస్తాడు? మావాళ్లలో ఎందరి ఇళ్లల్లో నగలు కుదువకు పోయాయో మాకు తెలుసు. అయితే ఆస్పత్రి వైపు చిక్కూ ఉంది. కార్డు రోగికి ముందు అనుమతి రావాలి, తర్వాత బిల్లు పంపాలి, డబ్బు ఎప్పుడో వస్తుంది. ఆక్సిజన్ సిలిండరు వాడు మాత్రం నగదే అడుగుతాడు. చిన్నవాళ్లు పథకం జోలికి వెళ్లకపోవడానికి ఇదొక్కటే చాలు.

కుప్పం పరిస్థితి వేరు. అక్కడ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. కానీ ఆ ఊరివాళ్లు తరతరాలుగా కోలారుకో, బెంగళూరుకో, వేలూరుకో పోయేవాళ్లు. లాక్‌డౌన్‌లో సరిహద్దు దాటాలంటే పాసు కావాల్సి వచ్చింది. పుంగనూరు వాళ్లకు ఆ చిక్కు లేదుగాని రోగం ముదిరితే మదనపల్లె, చిత్తూరు, అక్కడా కాకుంటే తిరుపతే. ఆ తిరుపతి రుయాలోనే 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ అందక 11 మంది పోయారని అధికారుల లెక్క. ఆ రాత్రి మా ఫోన్లు ఆగలేదు.

కరోనా తగ్గినా బాకీల గొడవ తగ్గలేదు. 2024 మేలో బకాయిలు రాలేదని పథకం ఆస్పత్రులు సేవలు ఆపాయి. ఆ ఏడే పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. మా ఊళ్లల్లో ఇప్పటికీ ముసలివాళ్లు ఆరోగ్యశ్రీ కార్డనే అంటారు. చేర్చేముందు కౌంటరు దగ్గర అడిగేది కూడా అదే మాట: “కార్డు తీసుకుంటారా, డబ్బు కట్టాలా?”