కృష్ణకు ఇటూ అటూ: సోమశిల, సిద్ధేశ్వరం

కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున సోమశిల, సరిగ్గా ఎదురు గట్టున నల్లమల అంచుల్లో సిద్ధేశ్వరం. నది ఒక్కటే, ఏలుబడులు రెండు: ఇటు నిజాం కింద సురభి వంశీయుల జటప్రోలు సంస్థానం, అటు మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లా. 1956లో రెండు గట్లూ ఒకే రాష్ట్రమయ్యాయి, 2014లో మళ్లీ విడిపోయాయి.

ఏ ఏలుబడిలోనైనా ఏరు దాటించింది పుట్టే. వెదురుబద్దలతో గుండ్రంగా అల్లి, నీరు చొరకుండా అడుగున తొడుగు వేసిన ఆ పడవకు ముందూ వెనకా ఉండవు; నడిపేవాడి తెడ్డే దిక్కు.

శ్రీశైలం జలాశయం నిండాక నది వెడల్పయింది, ఊళ్లు మునిగాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను రాయి రాయి విప్పి మెరకకు చేర్చి మళ్లీ కట్టారు. దాటడం మాత్రం మునుపటికన్నా ప్రమాదకరమైంది. 2007లో మంచాలకట్ట వద్ద పడవ మునిగి పదుల ప్రాణాలు పోయాయి. సోమశిల, సిద్ధేశ్వరాలను కలిపే తీగల వంతెనకు కేంద్రం ఆమోదం 2022లో గానీ రాలేదు.