నొప్పి మందుకు దిగే మెట్లు

ప్రత్యేక సంచికకు ఆరోగ్య సంబంధమైన చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందిగా మన సంపాదకవర్గం వారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పైఆరేళ్ళు ఎక్సైజు శాఖలో గుమాస్తాగా పనిచేసి 2008లో పదవీ విరమణ పొందినవాణ్ణి. అయితే ఆ ఉద్యోగంలో నల్లమందు, మార్ఫిన్ పర్మిట్ల ఫైళ్ళు చాలాకాలం నా బల్లమీదుగా నడిచాయి. 2022లో నాకు కుడి తుంటి మార్పిడి ఆపరేషన్ జరిగినప్పుడు, ఆ కుటుంబానికే చెందిన మందుబిళ్ళలు నా మంచం పక్కకు వచ్చాయి. అప్పటినుంచి ఈ విషయం గురించి శ్రద్ధగా చదివాను. మన సభ్యుల్లో తుంటి, మోకాలు మార్పించుకున్నవారూ, మార్పించుకోబోయేవారూ చాలామంది ఉన్నారు కనుక తెలిసిన నాలుగు సంగతులు మనవి చేస్తున్నాను.

ముందుగా తుంటి సంగతి. అరిగిపోయిన కీలు తీసి కొత్తది పెట్టాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో థెమిస్టోక్లీస్ గ్లక్ అనే వైద్యుడు ఏనుగు దంతంతో కీళ్ళు చేయించి అమర్చి చూశాడు. చీము పట్టి అవి నిలవలేదు. 1938లో లండన్‌లో ఫిలిప్ వైల్స్ ఉక్కు కీలు ప్రయత్నించాడు. నిలకడైన పద్ధతిని కనిపెట్టిన ఘనత ఇంగ్లండులోని జాన్ చార్న్‌లీకి దక్కింది. ఆయన పనిచేసిన రైటింగ్‌టన్ ఆసుపత్రి ఒకప్పుడు క్షయరోగుల ఆసుపత్రి. మొదట ఆయన టెఫ్లాన్‌తో గిన్నె చేసి అమర్చాడు. రెండు మూడేళ్ళకే అవి అరిగి, వందలమంది రోగులకు తిరిగి ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. టెఫ్లాన్ పొడి ఒంట్లో ఏంచేస్తుందో చూడటానికి తన తొడలోకే ఎక్కించుకున్నాడాయన. చివరకు 1962 నవంబరులో గట్టి పాలిథిలీన్ గిన్నె, చిన్న లోహపు బంతి గల కీలు అమర్చాడు. నేటికీ తుంటి మార్పిడికి పునాది అదే.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. చార్న్‌లీ రోజుల్లో రోగి వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉండేవాడు. నొప్పి మందు ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు మానిపించాలి అన్నది వార్డు నర్సమ్మగారి కళ్ళెదుటే జరిగిపోయేది. ఇప్పుడు మర్నాడే వాకరు చేతికిచ్చి నడిపిస్తున్నారు. మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపుతున్నారు. ఇది రోగికి మేలే, కాదనను. కానీ మందు తగ్గించే పని మాత్రం ఆసుపత్రి నుంచి మన ఇంటికి బదిలీ అయింది. బదిలీ ఉత్తర్వు మాత్రం చాలామందికి అందడం లేదు!

ఇక మందు సంగతి. నల్లమందు మనకు కొత్త కాదు. ఆయుర్వేదంలో దీన్నే అహిఫేనమన్నారు. ఈస్టిండియా కంపెనీ ఘాజీపూర్‌లో 1820లో పెట్టిన నల్లమందు ఫ్యాక్టరీ ఇప్పటికీ ప్రభుత్వ ఆధ్వర్యంలో ఉన్నది. 1805 ప్రాంతంలో జర్మనీలో సెర్ట్యూర్నర్ అనే మందుల దుకాణం యువకుడు నల్లమందులోని సారాన్ని వేరుచేసి, గ్రీకుల స్వప్నదేవత పేరు మీద మార్ఫియం అని పిలిచాడు. అదే మార్ఫిన్. 1850ల్లో సూది వచ్చాక దాని వాడకం బాగా పెరిగింది. మార్ఫిన్ అలవాటు పడుతోందని గ్రహించాక, అలవాటు చేయని మందంటూ 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను అమ్మింది. అది ఏమయిందో లోకానికి తెలుసు. నాకిచ్చిన ట్రమడాల్ గసగసాల మొక్క నుంచి తీసినది కాదు, ప్రయోగశాలలో తయారైనది. చిత్రమేమంటే జర్మనీలో దాన్ని తయారుచేసినది కూడా 1962లోనే. 1977లో బజారులోకి వచ్చింది. తేలికపాటిదైనా మెదడు మీద అది పనిచేసే తీరు కొంతవరకు మార్ఫిన్ వంటిదే.

ఈ మందులు కొన్నాళ్ళు వరసగా వేసుకుంటే ఒళ్ళు వాటికి సర్దుకుంటుంది. ఒక్కసారి ఆపితే ఆవులింతలు, ముక్కు కారడం, చెమటలు, గగుర్పాటు, విరేచనాలు, కాళ్ళు ఒకచోట ఉండనీయకపోవడం, నిద్రలేమి వస్తాయి. ఇది మనిషి బలహీనత కాదు, వ్యసనమూ కాదు. వ్యసనమంటే హాని అని తెలిసీ మందు కోసం వెంపర్లాడటం. ఈ రెంటికీ తేడా తెలియకే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నిందపడుతున్నారు.

మెట్టుమెట్టుగా తగ్గించాలన్న విషయం వైద్యులు అధికారికంగా చెప్పి నూరేళ్ళు కావస్తోంది. బ్రిటన్‌లో సర్ హంఫ్రీ రోల్‌స్టన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1926లో ఇచ్చిన నివేదికలో, మార్ఫిన్‌కు అలవాటుపడినవారికి క్రమంగా మోతాదు తగ్గిస్తూ మందివ్వడం న్యాయమైన వైద్యమేనని తేల్చింది. అమెరికాలో 1935లో లెక్సింగ్టన్‌లో ప్రభుత్వం పెట్టిన ఆసుపత్రిలో హిమ్మెల్స్‌బాక్ అనే వైద్యుడు, మందు ఆపినప్పుడు కలిగే బాధలను లెక్కగట్టి నమోదు చేశాడు.

మన దేశంలో జరిగినది నేను దగ్గరగా చూసినదే. 1985 నవంబరులో మాదకద్రవ్యాల చట్టం అమలులోకి వచ్చింది. దొంగ వ్యాపారం అరికట్టడం దాని ఉద్దేశం. కానీ ఆసుపత్రికి కాస్త మార్ఫిన్ కావాలన్నా లైసెన్సు, పర్మిట్టు, రవాణా అనుమతి వేర్వేరుగా కావలసివచ్చేవి. ఒకటి చేతికందేసరికి మరొకదాని గడువు తీరిపోయేది. శిక్షలకు జడిసి చాలా ఆసుపత్రులు తెప్పించుకోవడమే మానేశాయి. దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 1985లో 500 కిలోలకు పైబడి ఉండగా, 1997 నాటికి సుమారు 18 కిలోలకు పడిపోయింది. కాన్సర్ రోగులు నొప్పితోనే కన్నుమూశారు. 2014లో చట్టాన్ని సవరించి, అత్యవసరమైన మత్తు మందులకు అనుమతుల విధానాన్ని సులభతరం చేశారు. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను కూడా చట్టం పరిధిలోకి తెచ్చారు.

అమెరికాలో కథ ఎదురుదిశలో నడిచింది. 1996లో ఆక్సికాంటిన్ అనే బిళ్ళను ప్రమాదం తక్కువన్నట్లు ప్రచారం చేసి విచ్చలవిడిగా అమ్మారు. 2007లో ఆ కంపెనీ వారు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. తరవాత భయం మొదలైంది. 2016లో ప్రభుత్వ సంస్థ జాగ్రత్తలు సూచిస్తే, కొందరు వైద్యులు దాన్ని ఆజ్ఞగా తీసుకుని ఏళ్ళ తరబడి వాడుతున్నవారికి కూడా మందు ఒక్కసారిగా ఆపేశారు. రోగులు విలవిలలాడారు. కొందరు ఆత్మహత్యకు కూడా పాల్పడ్డారు. అలా హఠాత్తుగా ఆపవద్దని 2019 ఏప్రిల్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించవలసివచ్చింది. ఏడాదికి మించి వాడినవారికి నెలకు పదోవంతు, అవసరమైతే ఇంకా నెమ్మదిగా తగ్గించాలని 2022 నాటి సూచనల్లో చెప్పారు. మనవంటి ఆపరేషన్ రోగులు వాడేది కొద్ది వారాలే కనుక అంతకాలం పట్టదు. కానీ సూత్రం ఒకటే.

ఈ రెండు చరిత్రలూ మా ఇంట్లోనే ఎదురుపడ్డాయి. నా డిశ్చార్జి కాగితంలో ట్రమడాల్ రోజుకు మూడుసార్లు, నొప్పి ఉన్నంతవరకు అని రాసి ఉన్నది. ఎలా మానాలో ఒక్క ముక్క లేదు. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి ఫోనులో మందు పేరు వినగానే, “నాన్నా, ఆ బిళ్ళలు ఈరోజే అవతల పారెయ్యండి” అన్నది. చూడవచ్చిన పక్కింటాయన, “నొప్పిని భరించడమెందుకండీ, ఇంకొకటి వేసుకోండి” అన్నారు. ఇద్దరూ నా మేలు కోరినవారే. మూడోవారం పరీక్షకు వెళ్ళినప్పుడు అక్కడి చిన్న డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకున్నాను. ముందు మధ్యాహ్నం బిళ్ళ మానాలి, నాలుగు రోజుల తరవాత ఉదయానిది, ఆపైన రాత్రిది. పారాసిటమాల్ మాత్రం వేళప్రకారం చివరిదాకా ఉండాలి. రెండో మెట్టులో ఒకరాత్రి కాళ్ళు నిలవలేదు, నిద్రపట్టలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే ఆ మెట్టు మీదే మరి రెండు రోజులు ఆగమన్నారు. మా ఆవిడ గోడ క్యాలెండరులో రోజూ గీత పెట్టింది. రెండు వారాలకు ముగిసింది. ఇది నాకు రాసిన పద్ధతి మాత్రమే. మీది మీ వైద్యుడే రాయాలి.

కనుక సభ్య మిత్రులకు నా విన్నపం. ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు, తోడున్న కొడుకో కోడలో ఈ ప్రశ్నలు అడిగి రాయించుకోవాలి. వీటిలో మార్ఫిన్ జాతి మందు ఏది? ముందుగా ఏది తగ్గించాలి, ఎన్ని రోజులకొక మెట్టు? మధ్యలో బాధ కలిగితే ఎవరికి ఫోను చేయాలి? వ్యాయామానికి ముందు ఏది వేసుకోవాలి? బి.పి., మూత్రపిండాల తేడా ఉన్నవారికి వాపు తగ్గించే బిళ్ళలు సరిపడతాయా? ఈ మందులతో మలబద్ధకం, తల తిరగడం సహజం కనుక రాత్రిపూట లేచేటప్పుడు ఎవరైనా తోడుండాలి. నిద్రమాత్రలు, మద్యం వీటితో కలిస్తే ఊపిరికే ప్రమాదం. తగ్గుతున్న నొప్పి హఠాత్తుగా పెరిగినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, పిక్క వాచినా మందు పెంచుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన బిళ్ళలు ఇంట్లో దాచకండి, వేరొకరికి ఇవ్వకండి.

మన కార్యాలయాల్లో ఏ ఉత్తర్వుకైనా అమలు తేదీతో పాటు ముగింపు తేదీ ఉండాలని పట్టుబట్టేవాళ్ళం. నొప్పి మందుల చీటీకి కూడా ఆ రెండో తేదీ అడిగి రాయించుకోవడం మన హక్కు.