ఉపవాసం, మెదడు, ఆకలి

మెదడుకు గ్లూకోజు తప్ప వేరే ఇంధనం లేదని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1967లో బోస్టన్‌లో ఓవెన్, కేహిల్ ప్రభృతులు ఆ నమ్మకాన్ని సడలించారు. అయిదారు వారాలు నిరాహారంగా ఉన్న ముగ్గురు స్థూలకాయుల మెదడుకు వెళ్ళే రక్తాన్నీ, మరలివచ్చే రక్తాన్నీ పోల్చి చూడగా, కాలేయం కొవ్వునుండి తయారుచేసే కీటోనులే అప్పటికి ముఖ్య ఇంధనమైనట్లు తేలింది.

దీనిని రమజాన్ రోజాకు రుజువుగా చూపేవారున్నారు. అది సబబు కాదు. సహరీ నుండి ఇఫ్తార్ వరకు కాలేయంలోని గ్లైకోజెన్ నిలవే చాలావరకు అక్కరకు వస్తుంది.

ఆకలి సంగతి వేరు. జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొన్న గ్రెలిన్ అనే హార్మోను అలవాటైన భోజనవేళకు పెరిగి, తినకపోయినా తిరిగి తగ్గుతుంది. జుహర్ నాటి ఆకలి అసర్‌కు కొంత సద్దుమణగడం రోజాదారులు ఎరిగినదే.

హి.శ. 505లో (క్రీ.శ. 1111) మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాలో, పగలు మానిన తిండినంతా ఇఫ్తార్‌లో పూడ్చుకునేవానికి రోజావల్ల ఏమి ఒరుగుతుందని అడిగారు.