పరపతి పోయిన బలం: 1956 సూయజ్ సంక్షోభంలో అధికార రూపాలు

అంతర్జాతీయ రాజకీయాలలో అధికారాన్ని సైన్యాలతో, నౌకలతో కొలవడం పాత అలవాటు. సుసాన్ స్ట్రేంజ్ 1988లో భద్రత, ఉత్పత్తి, ద్రవ్యం, జ్ఞానం అనే నాలుగు నిర్మాణాలలో అధికారం ఇమిడి ఉంటుందని ప్రతిపాదించింది. జోసెఫ్ నై 1990లో మృదుశక్తి అనే భావనను ప్రవేశపెట్టాడు. ఈ వర్గీకరణలు అధ్యయనానికి ఉపకరిస్తాయి. అయితే ఏ రూపం ఎవరి మీద పనిచేస్తుంది, ఎవరి మీద పనిచేయదు అన్న ప్రశ్నకు సమాధానం చరిత్రలోనే వెతకాలి. అందుకు 1956 సూయజ్ సంక్షోభం కంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

తెలుగులో ‘పరపతి’ అన్న మాటకు అప్పు పుట్టే స్తోమత అనీ, పలుకుబడి అనీ రెండర్థాలున్నాయి. సహకార పరపతి సంఘం అన్నప్పుడు మొదటిది, ఊళ్లో పరపతి గల మనిషి అన్నప్పుడు రెండవది. సూయజ్ కథలో ఈ రెండూ విడదీయరానివి. 1875లో అప్పుల్లో కూరుకుపోయిన ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ కాలువ కంపెనీలోని తన వాటాలను అమ్ముకోగా, డిస్రేలీ ప్రభుత్వం రోత్‌షీల్డ్ సంస్థ వద్ద అప్పు తీసుకొని 40 లక్షల పౌండ్లకు వాటిని కొన్నది. అవి మొత్తం వాటాలలో 44 శాతం. సైనిక ఆక్రమణ ఆ తర్వాత 1882లో వచ్చింది. అంటే బ్రిటన్ కాలువలోకి అడుగుపెట్టింది తుపాకీతో కాదు, పరపతితో.

1956 జూన్‌లో చివరి బ్రిటిష్ దళాలు కాలువ ప్రాంతాన్ని వదిలాయి. జూలై 19న అమెరికా అస్వాన్ ఆనకట్టకు ఇవ్వజూపిన ఆర్థిక సహాయాన్ని ఉపసంహరించుకుంది. వారం తిరిగేసరికి, జూలై 26న, నాసర్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. కాలువలో ఓడలు నడిపించే నైపుణ్యం ఈజిప్షియన్లకు లేదన్నది లండన్, పారిస్‌ల ధీమా. సెప్టెంబర్ మధ్యలో విదేశీ పైలట్లు మూకుమ్మడిగా వైదొలగినా రాకపోకలు ఆగలేదు. జ్ఞానం తమ గుత్తసొత్తు అన్న భావన ఆ విధంగా యుద్ధానికి ముందే కూలింది.

ఇక సైనిక ఘట్టం. సెవ్ర్‌లో కుదిరిన రహస్య ఒప్పందం ప్రకారం అక్టోబర్ 29న ఇజ్రాయెల్ సినాయిలో ప్రవేశించింది. నవంబర్ 5న బ్రిటిష్, ఫ్రెంచి ఛత్రీదళాలు పోర్ట్ సయీద్ వద్ద దిగాయి. యుద్ధరంగంలో వాటికి ఓటమి లేదు. అయినా నవంబర్ 6 అర్ధరాత్రికి కాల్పులు ఆగిపోయాయి.

కారణం పౌండు. అప్పటి మారకపు రేటు ఒక పౌండుకు 2.80 డాలర్లు. 1949లో 4.03 నుంచి దించి నిర్ణయించిన రేటది. భారత్ సహా అనేక దేశాలు తమ నిల్వలను పౌండ్లలో దాచుకున్నందువల్ల, పదేళ్లు తిరగకుండా మరోసారి విలువ తగ్గిస్తే స్టెర్లింగ్ కూటమే చెదిరిపోయేది. బ్రిటన్ విదేశీమారక నిల్వలు సెప్టెంబర్‌లో 5.7 కోట్ల డాలర్లు, అక్టోబర్‌లో 8.4 కోట్లు, నవంబర్‌లో 27.9 కోట్లు తరిగాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి అప్పు కావాలి; అమెరికా సమ్మతి లేనిదే అది దొరకదు. ఈజిప్టు ఓడలను ముంచి కాలువను మూసివేసింది. సిరియాలో చమురు గొట్టపుమార్గం పంపింగ్ కేంద్రాలు పేల్చివేతకు గురయ్యాయి. చమురు కోసమూ వాషింగ్టన్ వైపే చూడవలసి వచ్చింది. ఐసెన్‌హోవర్ ప్రభుత్వం బ్రిటన్ మీద ఒక్క తూటా పేల్చలేదు. సహాయం చేయకుండా చేతులు ముడుచుకొని కూర్చుంది, అంతే.

నవంబర్ 5న బుల్గానిన్ పంపిన రాకెట్ల బెదిరింపు లేఖే యుద్ధాన్ని ఆపిందన్న అభిప్రాయం అరబ్ ప్రపంచంలో విస్తృతంగా వ్యాపించింది. కాల్పుల విరమణకు ఏ కారణం ఎంత అన్నది వాదించదగినదే. కానీ దళాల ఉపసంహరణ విషయంలో సందేహానికి తావు లేదు. డిసెంబర్ 3న బ్రిటన్ ఉపసంహరణను పార్లమెంటులో ప్రకటించింది. డిసెంబర్ 10న ద్రవ్యనిధి 56.1 కోట్ల డాలర్లను వెంటనే, మరో 73.9 కోట్లను అవసరమైనప్పుడు తీసుకొనేలా మంజూరు చేసింది. ఆ తేదీల వరుసకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

అయితే దీనిని ‘ఆర్థికబలం సైనికబలాన్ని జయించింది’ అనే సూత్రంగా కుదించడం పొరపాటు. ఫ్రాన్స్ అక్టోబర్‌లోనే ద్రవ్యనిధితో అప్పు ఏర్పాటు చేసుకుంది. అందుకే అదే ఒత్తిడి దానిని అంతగా కుంగదీయలేదు. బ్రిటిష్ ఆర్థికమంత్రి మాక్మిలన్ దాడిని గట్టిగా సమర్థిస్తూనే అలాంటి జాగ్రత్త తీసుకోకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. అదే నవంబర్ 4న సోవియట్ సేనలు బుడాపెస్ట్‌లో ప్రవేశించాయి. కాపాడుకోవలసిన డాలర్ మారకపు రేటు గానీ, ద్రవ్యనిధి సభ్యత్వం గానీ మాస్కోకు లేవు. బ్రిటన్‌ను వంచిన సాధనం అక్కడ పనికిరాలేదు. అమెరికా పట్టు బ్రిటన్ శత్రువైనందున కాదు, మిత్రదేశమై అదే ద్రవ్యవ్యవస్థలో కొనసాగుతున్నందున చిక్కింది.

సంస్థాగత, నైతిక అధికారాలదీ ఇదే తీరు. నవంబర్ 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ కాల్పుల విరమణ తీర్మానాన్ని 64 అనుకూల, 5 వ్యతిరేక ఓట్లతో ఆమోదించింది. హంగరీ నుంచి సేనలను ఉపసంహరించాలన్న తీర్మానమూ నెగ్గింది. అది కాగితానికే పరిమితమైంది. సూయజ్‌పై నిర్ద్వంద్వంగా మాట్లాడిన భారత్, హంగరీలో సమితి పర్యవేక్షణలో ఎన్నికలు కోరిన నవంబర్ 9 తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. లండన్ సదస్సులో కృష్ణమేనన్ ప్రత్యామ్నాయ ప్రతిపాదన ద్వారా సంపాదించిన పలుకుబడిలో కొంత ఆ ఒక్క ఓటుతో కరిగిపోయింది.

సంక్షోభం నుంచి పుట్టిన ఐక్యరాజ్యసమితి అత్యవసర దళంలో భారత సైనికులు చేరారు. ఆ దళం ఈజిప్టు సమ్మతి మీదనే నిలిచింది. ఇజ్రాయెల్ తన భూభాగంలోకి దానిని అనుమతించలేదు. 1967 మేలో నాసర్ వెళ్లిపొమ్మనగానే దళం తిరుగుముఖం పట్టింది. ఉపసంహరణ పూర్తికాకముందే జూన్‌లో యుద్ధం మొదలై, గాజాలో కొందరు భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు.