బాహ్యకోణాలూ, కలకత్తా బురుజులూ

హౌరా నుంచి లోకల్ రైలెక్కితే వచ్చే మొదటి స్టేషన్ లిలువా. పెద్ద రైల్వే వర్క్‌షాపు ఉన్న ఊరు. అక్కడినుంచి తూర్పుగా హుగ్లీ నది దాటితే బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు వస్తుంది. ఆ రోడ్డు వెంట పాయిక్‌పాడా వద్ద ఒకటి, ఉత్తరాన సుఖ్‌చర్ వద్ద మరొకటి, సుమారు 75 అడుగుల ఎత్తున రెండు పాత బురుజులున్నాయి. మీరు బడిలో నేర్చుకున్న త్రిభుజ పాఠానికీ, వీటికీ దగ్గర సంబంధం ఉంది.

ముందు పాఠం గుర్తుచేసుకుందాం. త్రిభుజంలో ఒక భుజాన్ని పొడిగిస్తే ఏర్పడే బాహ్యకోణం, దాని ఎదుటనున్న రెండు అంతరకోణాల మొత్తానికి సమానం. అంతరకోణాలు 70, 60, 50 డిగ్రీలు అనుకోండి. 50 డిగ్రీల శీర్షం వద్ద బాహ్యకోణం 70 + 60 = 130 డిగ్రీలు. మిగిలిన రెండూ 110, 120. మూడూ కలిపితే 360. త్రిభుజం చుట్టూ నడిచి మొదటి దిక్కుకే తిరిగి నిలబడితే ఒక పూర్తి చుట్టు తిరిగినట్లే కదా! సుమారు 2300 ఏళ్ల క్రితం యూక్లిడ్ దీనిని నిరూపించాడు.

ఇక బురుజుల కథ. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే దేశమంతటా త్రిభుజాలు అల్లుకుంటూ సాగింది. ఒక భుజాన్ని నేలమీద కొలిస్తే చాలు. తక్కిన పొడవులన్నీ కోణాలనుబట్టి లెక్కకు వస్తాయి. అయితే ఆ లెక్క సరైనదేనా? అది తేల్చుకోవడానికి 1831-32లో జార్జి ఎవరెస్టు ఈ రోడ్డు మీద, రెండు బురుజుల మధ్య సుమారు 10 కిలోమీటర్ల ఆధారరేఖను ఇత్తడి, ఇనుము జతచేసిన కడ్డీలతో కొలిపించాడు. 1831లోనే హిందూ కాలేజీ విద్యార్థి రాధానాథ్ సిక్దార్ లెక్కలు కట్టేందుకు సర్వేలో చేరాడు.

ఇక్కడే చిక్కు ఉంది. భూమి గుండ్రన. 50 కిలోమీటర్ల సమబాహు త్రిభుజాన్ని నేలమీద కొలిస్తే అంతరకోణాల మొత్తం 180 డిగ్రీల కన్నా సుమారు 5.5 సెకన్లు ఎక్కువ. (సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు.) బాహ్యకోణాల మొత్తం 360 డిగ్రీల కన్నా అంతే తక్కువ! ఈ తేడాను లెక్కచేయకపోతే, అది పరికరం దోషమని పొరబడే ప్రమాదముంది. దిశలో 5.5 సెకన్ల పొరపాటు జరిగితే 50 కిలోమీటర్ల దూరాన గురి ఒక మీటరుకు పైగా తప్పుతుంది. ఈ అదనంలో మూడోవంతును ఒక్కొక్క కోణం నుంచి తీసివేస్తే, చదునైన త్రిభుజంలా లెక్క కట్టవచ్చని ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ 1787లోనే చూపాడు.

అంటే యూక్లిడ్ చెప్పింది తప్పా? కాదు. ఆయన సిద్ధాంతం చదునైన తలానికి చెందినది. సిద్ధాంతంతోపాటు అది ఎక్కడ వర్తిస్తుందో కూడా తెలిసి ఉండాలి.

మీరే పరీక్షించండి. ఒక బంతి తీసుకుని, నడుము చుట్టూ గీత గీయండి. పై కొన నుంచి ఆ గీతదాకా, ఒకదానికొకటి లంబంగా రెండు గీతలు దించండి. ఏర్పడిన త్రిభుజంలో బాహ్యకోణాల మొత్తం ఎంత? 360 కాదు, 270!