పీడన మీట: రంజను నుండి కారు ఏసీ దాకా



ఎండాకాలమున కారులో చల్లగాలి ఆగిపోయినచో మన మెకానిక్కుల నోట వచ్చు మాటలు రెండు. మొదటిది "గ్యాస్ అయిపోయింది", రెండవది "స్విచ్ పోయింది, డైరెక్ట్ చేస్తా". ఆ రెండవ మాటలోని స్విచ్చు బొటనవ్రేలంత వస్తువు. ప్రెషర్ స్విచ్ అని దాని పేరు. స్విచ్చును మీట అనుట మనకు అలవాటే కనుక నేను దీనిని పీడన మీట అనుచున్నాను. దాని పుట్టుక తెలిసినవారు దానిని డైరెక్ట్ చేయుటకు అంత సులభముగా ఒప్పుకొనరు.

చిట్యాల మండలము పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినది. ఒకవైపు గోదావరి, మరొకవైపు బొగ్గు గనులు గల ఈ సీమలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటు రోజులున్నవి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి రెండు వేల మందికి పైగా మరణించిరని ప్రభుత్వముల లెక్కలే చెప్పినవి. రోగినో, బాలింతనో, వృద్ధులనో వరంగల్లు ఆసుపత్రికి తీసికొనిపోవు కారులో చల్లగాలి విలాసము కాదు.

చల్లదనము కొరకు మనవారు ఏనాడో ఉపాయములు కనిపెట్టిరి. రంజనులోని నీరు మట్టి సందులనుండి చెమర్చి ఆవిరియగునపుడు లోపలి వేడిని తీసికొనిపోవును. కిటికీలకు కట్టి తడుపు వట్టివేళ్ల తడికలదీ ఇదే న్యాయము. 1833లో అమెరికా సరస్సుల మంచు ఓడలో కలకత్తా చేరినది. 1842లో చెన్నపట్టణమున దానిని దాచుటకు కట్టిన ఐస్ హౌస్ నేటికీ వివేకానంద భవనముగా నిలిచియున్నది. 1934లో ఫ్రాంటియర్ మెయిల్ రైలుపెట్టె అడుగున మంచుదిమ్మలు పెట్టి లోపలి గాలిని చల్లబరచిరి.

కారు ఏసీ చేయునది కూడ రంజను పనియే. ద్రవము ఆవిరియై వేడిని తీసికొనును. భేదమేమనగా, రంజనులో ఆవిరియైన నీరు గాలిలో కలిసిపోవును. ఏసీలో ఆవిరియైన వాయువును కంప్రెసరు మరల నొక్కును, ముందున్న కండెన్సరు దానిని చల్లార్చి ద్రవముగా మార్చును. మూసిన గొట్టములలో ఇట్లు నొక్కుట ఉన్నచోట పీడనము ఉండును, పీడనమున్నచోట అపాయము పొంచియుండును. రంజనుకు కావలి అక్కరలేదు, దీనికి కావలెను.

ఈ సంగతి లోకమునకు ఒక్కనాట తెలియలేదు. 1902లో విల్లిస్ కారియర్ అమెరికాలో ఒక ముద్రణాలయమునకు గాలిలోని తేమను అదుపుచేయు యంత్రమును రూపొందించెను. 1939లో ప్యాకార్డ్ సంస్థ కారుకు ఏసీ అమర్చెను. ఆ ఏసీకి క్లచ్ లేదు, ఇంజిను తిరిగినంతసేపు కంప్రెసరూ తిరుగవలసినదే. దానిని ఆపవలెనన్న ఇంజిను ఆపి బెల్టు విప్పవలెను. విద్యుదయస్కాంత క్లచ్ వచ్చిన తరువాత ఆపుట సులభమైనది. ఇక ఎప్పుడు ఆపవలెనో చెప్పువాడు కావలెను.

పీడనము మితిమీరినపుడు ఆవిరిని వదలు కవాటము 1679లో డెనిస్ పాపిన్ వంటపాత్రకే ఉన్నది. కారు ఏసీలలోను మొదట అదే పద్ధతి. వేడి హెచ్చినచో కరగిపోవు లోహపు బిరడా నుండి వాయువంతయు వెలికి పోవును. గ్యాసు తగ్గినపుడు కంప్రెసరును కాపాడుటకు 1970ల దశకమున జనరల్ మోటార్స్ కార్లలో ఒక ఫ్యూజు ఉండెడిది. అది ఒకసారి కాలినచో క్రొత్తది వేయవలసినదే. పీడన మీట ఈ రెండు లోపములను తీర్చినది. వాయువును వదలదు, తాను కాలదు, క్లచ్‌కు పోవు విద్యుత్తును మాత్రము ఆపును. పీడనము సరియైనపుడు మరల కలుపును.

మన దేశమున 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. 1985లో సుబ్రోస్ సంస్థ జపాను సహకారముతో కార్ల ఏసీల తయారీకి ఏర్పడినది. ఆనాటి ఆర్-12 వాయువు ఓజోను పొరకు చేటని తెలిసి 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. భారతదేశము 1992లో అందులో చేరినది. దరిమిలా కార్లలోనికి ఆర్-134ఏ వచ్చినది. అది ఓజోనుకు హాని చేయదు గాని, భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యి రెట్లకు పైబడినది. కావున వాయువును గాలిలోనికి వదలుట నేటికీ తప్పే.

సాధారణపు మీట పీడనము చదరపు సెంటీమీటరునకు సుమారు 2 కిలోలకు తగ్గినను, 32 కిలోలకు మించినను క్లచ్‌ను ఆపును. కొన్ని మీటలు 15 కిలోల వద్ద కండెన్సరు ఫ్యానునూ తిప్పించును. మొదటి హద్దు ప్రాణప్రదమైనది. కంప్రెసరుకు కావలసిన నూనె వాయువుతోనే తిరుగును. వాయువు లేనిచో నూనె చేరదు, కంప్రెసరు పట్టివేయును.

కావున పరీక్షకు ఒక క్రమమున్నది. ముందు ఫ్యూజు, రిలే చూడవలెను. ఇంజిను ఆపి చాలసేపైన పిదప గేజి పెట్టవలెను. 40 డిగ్రీల ఎండలో ఆర్-134ఏ సుమారు 9 కిలోలు చూపును. మిక్కిలి తక్కువ చూపినచో మీట దోషి కాదు, ఎక్కడో లీకున్నది. ఆ లీకును మాన్పక గ్యాసు కొట్టించుట చిల్లికుండలో నీళ్లు పోయుటయే. పీడనము సరిగానే ఉండి, మల్టీమీటరుతో చూచినపుడు క్లచ్‌ను నడుపు తీగల కొనల మధ్య విద్యుత్తు పారనిచో, అప్పుడు మీట చెడినదనవచ్చును. కనెక్టరులో నూనె మరకలున్నచో మీటయే కారుచున్నదని అనుమానింపవలెను. కొంతసేపు నడచి ఆగుచున్నచో కండెన్సరుపై దుమ్ము, పత్తి నుసి పేరుకొన్నదేమో, ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూడవలెను. మూడు తీగల సెన్సారున్న క్రొత్త కార్లకు ఈ పరీక్ష చాలదు, వోల్టేజి కొలువవలెను.

మార్చునపుడు మీట క్రింద వాల్వు ఉన్నదో లేదో ముందే తెలిసికొనవలెను. ఉన్నచో గ్యాసు పోకుండ మీటను విప్పవచ్చును. లేనిచో గ్యాసును యంత్రముతో వెలికి తీసి దాచి, పిదప వ్యాక్యూమ్ చేసి నింపవలెను. క్రొత్త ఓ-రింగును కంప్రెసరు నూనెతో తడిపి, గొట్టము మెలిపడకుండ రెండవ పానాతో పట్టుకొని, మితముగా బిగించవలెను.

తీగలను రెండింటిని కలిపి డైరెక్ట్ చేసినచో ఆ పూటకు చల్లగాలి రావచ్చును. కాని కీడు తెలిపిన కావలివానినే కట్టివేసినట్లగును. కొన్నాళ్లకు కంప్రెసరు పోవును. కొన్ని వందలతో పోవు పని వేలకు చేరును. ఆ వేలు ఇచ్చుకొనవలసినవాడు రోజు కిరాయితో ఇల్లు నడుపుకొను డ్రైవరు. మెకానిక్కు డైరెక్ట్ చేస్తానన్నపుడు, ముందు గేజి పెట్టి చూపమని అడుగుడు.

మీ ప్రాంతములో ఈ మీటకు మరేదైన తెలుగు మాట వాడుకలో ఉన్నచో వ్యాఖ్యలో తెలుపగలరు.